కాల్ అని రాస్తే సెలెక్ట్ వెళ్తోంది!

ప్రశ్న: మా జావా అప్లికేషన్‌ను ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారుస్తున్నాం. ప్రొసీజర్లన్నీ తిరిగి రాశాం, జావా కోడ్ ముట్టుకోలేదు. ఇప్పుడు 'ఇది ప్రొసీజర్, కాల్ వాడండి' అని ఎర్రర్ వస్తోంది. మేం రాసింది కాలే కదండీ?

జవాబు: రాసింది కాలే. సర్వర్‌కు చేరింది మాత్రం సెలెక్ట్. ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాసే కాల్ జేడీబీసీ ప్రమాణం. దాన్ని ఆయా డేటాబేస్‌కు అర్థమయ్యేలా మార్చేది డ్రైవర్. పోస్ట్‌గ్రెస్‌లో 2018 నాటి 11వ వెర్షన్ వచ్చేదాకా ఫంక్షన్లే తప్ప ప్రొసీజర్లు లేవు. అందుకే ఆ డ్రైవర్ డిఫాల్ట్‌గా సెలెక్ట్ పంపుతుంది. కనెక్షన్ సెట్టింగుల్లో 'ఎస్కేప్ సింటాక్స్ కాల్ మోడ్' అనే ప్రాపర్టీని 'కాల్ ఇఫ్ నో రిటర్న్'గా మార్చండి, ఈ ఎర్రర్ పోతుంది.

అసలు చిక్కు రెఫ్ కర్సర్లతో వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు కర్సర్ ట్రాన్సాక్షన్ ముగిస్తే పోతుంది కాబట్టి ఆటోకమిట్ ఆపాలి. ఆపితే, లోపల కమిట్ ఉన్న ప్రొసీజర్లు ఎర్రర్ ఇస్తాయి. ఒకే సెట్టింగు రెండింటికీ సరిపోదు. కర్సర్ తిరిగిచ్చే ప్రొసీజర్లను టేబుల్ తిరిగిచ్చే ఫంక్షన్లుగా మార్చమని గట్టిగా చెబుతాను. వాటికి మామూలు సెలెక్ట్ చాలు, ఆటోకమిట్ గొడవే ఉండదు.

ప్రొసీజర్ పిలుపులన్నీ ఒకే క్లాసులోకి చేర్చండి. రేపు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కో మైఎస్‌క్యూఎల్‌కో వెళ్తే, అక్కడ ప్రొసీజర్‌లోని సెలెక్ట్ ఫలితం కర్సర్ లేకుండా నేరుగా వస్తుంది. అప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క క్లాసే.