ఫిట్టర్‌కు అర్థమయ్యే డ్రాయింగ్ గీస్తే కొలువు మీదే

ఆసుపత్రులు, మాల్స్, ఐటీ భవనాల పైకప్పుల్లో కనిపించే స్ప్రింక్లర్ల వెనక ఒక మంచి వృత్తి ఉంది. అది ఫైర్ స్ప్రింక్లర్ డిజైన్. ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, మెకానికల్ డిప్లొమా, బీటెక్ చేసినవారు ఇందులోకి రావచ్చు. ఆటోక్యాడ్, రెవిట్ నేర్చుకున్నవారు చాలామందే ఉన్నారు. అయితే వారి డ్రాయింగ్ చూసి, ఎవరికీ ఫోన్ చేయకుండా ఫిట్టర్ పైపు బిగించగలడా? ఉద్యోగంలో మీ విలువను తేల్చేది ఈ ప్రశ్నే.

ముందు నియమాలు

మన దేశంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం, ఐఎస్ 15105 చదవాలి. అమెరికా ప్రాజెక్టులకు, గల్ఫ్‌లో చాలా పనులకు ఎన్‌ఎఫ్‌పీఏ 13 కావాలి. అంకెలతోపాటు వాటి కారణాలూ తెలుసుకోండి. ఉదాహరణకు, ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం మామూలు స్ప్రే స్ప్రింక్లర్ల మధ్య కనీసం 1.8 మీటర్ల దూరం ఉండాలి. అంతకంటే దగ్గరైతే ఒకటి చల్లిన నీరు పక్కదానిలోని, వేడికి పగిలే గాజు బల్బును తడిపి చల్లబరుస్తుంది. అవసరమైనప్పుడు అది తెరుచుకోదు.

డ్రాయింగ్‌లో ఏముండాలి?

* ప్రతి స్ప్రింక్లర్‌కూ గోడ నుంచో, కాలమ్ గ్రిడ్ నుంచో కొలత. స్కేలు పెట్టి కొలుచుకోవాల్సిన అవసరం ఫిట్టర్‌కు రాకూడదు.
* పైపు సైజు, కట్ చేయాల్సిన పొడవు, ఫ్లోర్ నుంచి పైపు సెంటర్ ఎత్తు.
* స్ప్రింక్లర్ రకం, కె ఫ్యాక్టర్ (ఎంత నీరు వదులుతుందో చెప్పే సంఖ్య), తెరుచుకునే ఉష్ణోగ్రత. ఎర్ర బల్బు అంటే 68 డిగ్రీల సెల్సియస్.
* హ్యాంగర్లు, డ్రెయిన్, టెస్ట్ వాల్వ్ ఎక్కడ వస్తాయో స్పష్టంగా.
* ఏసీ డక్టు, కేబుల్ ట్రే, బీము అడ్డొచ్చేచోట సెక్షన్.
* రివిజన్ నంబరు, తేదీ, మారిన చోట గుర్తు.

సెక్షన్ లేని డ్రాయింగ్ వల్లే సైటులో ఎక్కువ తిప్పలు. డక్టు అడ్డొస్తే ఫిట్టర్ రెండు, మూడు ఎల్బోలు వేసి పైపును పక్కకు తిప్పుతాడు. ప్రతి ఎల్బో దగ్గరా నీటి ప్రెషర్ కొంత తగ్గుతుంది. మీరు చేసిన హైడ్రాలిక్ లెక్క అక్కడే తప్పుతుంది. ఆఖరి స్ప్రింక్లర్‌కు చాలినంత నీరు అందకపోతే ప్రాణాలకే ముప్పు. అందుకే గీయకముందే ఆర్కిటెక్ట్, ఎలక్ట్రికల్, ఏసీ డ్రాయింగులను ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలి.

ఎలా సిద్ధం కావాలి?

నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. అమెరికా ప్రాజెక్టుల వైపు వెళ్లాలనుకుంటే అక్కడి నైసెట్ (NICET) సంస్థ ఇచ్చే ధ్రువపత్రం గురించి తెలుసుకోండి. ఇందులో స్ప్రింక్లర్ లేఅవుట్‌కు నాలుగు స్థాయిలున్నాయి. పై స్థాయిలకు పరీక్షతోపాటు పని అనుభవం కూడా కావాలి.

కోర్సు ఏదైనా, కొన్ని వారాలు సైటులో గడపండి. పైపు కోయడం, థ్రెడ్ వేయడం, ప్రెషర్ టెస్ట్ దగ్గరుండి చూడండి. తర్వాత మీ కాలేజీలోని ఒక అంతస్తుకు లేఅవుట్ గీసి, అనుభవమున్న ఫిట్టర్ చేతికివ్వండి. సందేహం వచ్చిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టమనండి. వాటిని సరిదిద్ది, రెండు కాపీలనూ ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. ఏ సర్టిఫికెట్ కన్నా బలంగా మీ నైపుణ్యాన్ని అవే చెబుతాయి. ఆ ఫిట్టర్‌ను గురువుగా గౌరవించండి, ఈ రంగంలో మీ ఎదుగుదల ఖాయం.