కెర్నల్ మెమరీకి కాపలా

అబుదాబి

మేనకోడలికి,

దుబాయ్‌లో ఉద్యోగంలో చేరగానే మంచి ప్రశ్న అడిగావు. సర్వర్ల వేగం పెంచడానికి బూట్ లైన్లో ‘మిటిగేషన్స్=ఆఫ్’ అని పెట్టమంటున్నారట, పెట్టొచ్చా అని. పెట్టకమ్మా. కారణం చెబుతాను. అది తెలిస్తేనే రేపు మీటింగ్‌లో గట్టిగా మాట్లాడగలవు.

2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. ప్రాసెసర్ ఖాళీగా ఉండలేక, అనుమతులు తేలకముందే తర్వాతి ఆదేశాలను నడిపేస్తుంది. అవి చెల్లవని తేలితే ఫలితాన్ని పారేస్తుంది కానీ, క్యాష్‌లో మిగిలిన జాడను చెరపదు. మెల్ట్‌డౌన్ పట్టుకున్నది ఆ జాడనే. మామూలు ప్రోగ్రామ్ ఒకటి కెర్నల్ మెమరీలోని ఒక బైటు చదవబోతుంది. ‘కుదరదు’ అని ప్రాసెసర్ తేల్చేలోపే, ఆ బైటు విలువను బట్టి 256 పేజీల్లో ఒకదాన్ని తాకేస్తుంది. ఆ తర్వాత ఒక్కో పేజీ చదవడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే చాలు. చప్పున వచ్చిన పేజీ నంబరే ఆ రహస్య బైటు.

దీనికి లైనక్స్‌లో పెట్టిన విరుగుడు పేజీ టేబుళ్లను విడగొట్టడం, అంటే పీటీఐ. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ‘కైజర్’ పేరుతో చేసిన పనే దానికి మూలం. యూజర్ ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ, తప్పనిసరి అయిన కాస్త భాగం తప్ప కెర్నల్ మెమరీ ఆ టేబుల్లోనే ఉండదు. ప్రతి సిస్టమ్ కాల్‌కూ టేబుల్ మార్చాలి కాబట్టి కొంత వేగం తగ్గుతుంది. మీవాళ్ల బాధ అదే. ‘మిటిగేషన్స్=ఆఫ్’ అంటే ఇలాంటి విరుగుళ్లను ఆపేయడమే.

2018 ఆగస్టులో ఫోర్‌షాడో అనే మరో లోపం బయటపడింది. దాంతో ఒక వర్చువల్ మెషీన్, ఎల్1 క్యాష్‌లో ఉన్న పక్క మెషీన్ డేటాను లాగేయగలదు. అందుకే హైపర్‌వైజర్ గెస్ట్‌ను నడిపే ముందు ఆ క్యాష్‌ను ఖాళీ చేస్తుంది. మనమున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. మైక్రోసాఫ్ట్ 2019లో, అమెజాన్ 2022లో ఇక్కడ క్లౌడ్ కేంద్రాలు తెరిచాయి. క్లౌడ్ అంటేనే ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే యంత్రాన్ని పంచుకోవడం. ఆసుపత్రి రికార్డులూ, మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు లెక్కలూ అలాంటి యంత్రాల మీదే ఉండొచ్చు.

ఈరోజే ఒక పని చెయ్యి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో సీపీయూ కింద ‘వల్నరబిలిటీస్’ ఫోల్డర్ తెరువు. ఒక్కో లోపానికీ ఒక్కో ఫైలు ఉంటుంది. మెల్ట్‌డౌన్ ఫైల్లో ‘మిటిగేషన్: పీటీఐ’ అనో ‘నాట్ అఫెక్టెడ్’ అనో ఉంటే సరే. ‘వల్నరబుల్’ అని ఉంటే వెంటనే పైవాళ్లకు చెప్పు. వేగమే కావాలంటే సిస్టమ్ కాల్స్ తగ్గించే దారి వెతుకు. ప్రాసెసర్‌లో పీసీఐడీ ఉందో లేదో చూడు. అది ఉంటే టేబుల్ మార్పిడి ఖర్చు తగ్గుతుంది. బయటివాళ్ల కోడ్ అసలు నడవని ఒంటరి యంత్రమైతే ‘ఆఫ్’ గురించి ఆలోచించవచ్చు, అదీ రాతపూర్వకంగా. పదిమంది పంచుకునే సర్వర్ మీద ఆ నష్టం మోసేది మీరు కాదు, అందులో డేటా దాచుకున్నవాళ్లు. ఆ మాట మీటింగ్‌లో స్పష్టంగా చెప్పు.

మీ మామయ్య