అంగిలి

మన పాఠశాల బాలబాలికలు గుండెను గూర్చి, ఊపిరితిత్తులను గూర్చి అడిగిన చక్కగా చెప్పుదురు గాని, తమ నోటి పైకప్పును గూర్చి అడిగిన తెల్లబోవుదురు. కనుక దానిని గూర్చి కొంచెము వ్రాయుచున్నాము. ఇందులకు పటము అక్కఱలేదు, నాలుక చాలును.

నాలుక కొనను పైపండ్ల వెనుకనుండి మెల్లగా లోపలికి జరుపుడు. మొదట గరుకు ముడుతలు, పిమ్మట కమానువంటి గట్టి భాగము తగులును. ఇది కఠినతాలువు. ముందు పైదవడ యెముకలు రెండును, వెనుక తాలువు ఎముకలు రెండును నడుమ అతుకుకొనగా నిది యేర్పడినది. ఇంకను వెనుక నున్నది ఎముక లేని మృదుతాలువు. దాని కొసను వ్రేలాడునదే కొండనాలుక.

ఈ మెత్తని భాగము నోటికిని ముక్కునకును నడుమ తలుపు వంటిది. మ్రింగునపుడు పైకి లేచి ముక్కుదారిని మూయును. నవ్వుచు నీళ్లు త్రాగి ముక్కు మండించుకొన్న వారికి దీని విలువ తెలియును! ముక్కు పట్టుకొని 'గద్వాల' యనుడు, మాట చెడదు. అట్లే 'వనపర్తి', 'నాగర్‌కర్నూలు' అనుడు, నకారము బిగిసిపోవును. నకారమునకు ఆ తలుపు తెఱచుకొని గాలి ముక్కున పోవలయును. చీర యను మాటలోని చకారమునకు నాలుక కఠినతాలువును తాకును గనుక అది తాలవ్యము. ౘాపలోనిది పండ్ల దాపున పుట్టును గనుక దంత్యము.

గర్భమునందు ఈ కప్పు ఇరుప్రక్కలనుండి రెండు పలకలుగా పెరిగి, సుమారు 12వ వారమునకు కలిసికొనును. కలియనిచో చీలిక నిలుచును. పెదవి చీలినచో జనులు గ్రహణపు మొఱ్ఱి యందురు. గ్రహణవేళ బయటికి వచ్చితివనియో, కూరగాయలు తఱిగితివనియో తల్లిని దూఱుదురు. ఈ నింద అన్యాయమని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. ఎనిమిదవ మాసమున గ్రహణము వచ్చిన, బిడ్డ అంగిలి సంగతి అంతకు ఎన్నో నెలల ముందే తేలిపోయినది. లోకమంతట సుమారు 700 మంది శిశువులలో ఒకరికి పెదవియో అంగిలియో ఇట్లు చీలియుండును. వంశము, పొగ త్రాగుట, కొన్ని మందులు కారణములలో చేరును. పెక్కుమారులు కారణము తెలియనే తెలియదు.

అంగిలి చీలిన శిశువు పాలు చీకజాలదు. త్రాగినవి ముక్కున వచ్చును. అట్టి బిడ్డను నిలువుగా పట్టుకొని, పిండిన తల్లిపాలను చెంచాతో కొంచెము కొంచెముగా పోయవలయును. పెదవిని తొలి మాసములలోనే కుట్టుదురు. అంగిలిని సాధారణముగా 9 మొదలు 18 మాసముల లోపల, అనగా మాటలు బాగుగా రాకమునుపే, సరిచేయుదురు. ఆలస్యమైన కొలది పకారము, తకారము, గకారము ముక్కున జాఱిపోవు అలవాటు గట్టిపడును. శస్త్రచికిత్స యైన పిమ్మటను మాటల అభ్యాసము చేయింపవలసి యుండవచ్చును. ఇట్టి బిడ్డలకు చెవిలో నీరు చేరుట తఱచు గనుక చెవులను గూడ చూపింపవలయును.