తేనీటి అంగళ్లు - గణనయంత్రము

లండను నగరమున జె. లయన్స్ అను వ్యాపారసంస్థ యొకటి యుండెను. 1894లో పికడిల్లీ వీథిలో మొదటి తేనీటి అంగడిని తెరచిన ఆ సంస్థకు ఇరువదవ శతాబ్ది నడిమి కాలమునకు రెండువందలకు పైగా అట్టి అంగళ్లు ఏర్పడినవి. రొట్టెలు, కేకులు, తేయాకు మున్నగు వానిని అది స్వయముగా తయారుచేసి అమ్ముచుండెను. ఒక్కొక్క కప్పు తేనీటిపై వచ్చు లాభము మిక్కిలి స్వల్పము. అట్టి వ్యాపారమున ప్రతి చిల్లరకాసునకును లెక్క చూడవలసినదే. కావున లయన్స్ కార్యాలయములలో వందలకొలది గుమాస్తాలు ఉదయము మొదలు సాయంకాలము వరకు చీటీలలోని అంకెలను కూడుచు, హెచ్చవేయుచు ఉండెడివారు.

కార్యాలయపు నిత్యవ్యవహారములకు కంప్యూటరును ప్రపంచమున మొట్టమొదట వినియోగించినది ఏ యంత్రనిర్మాణ సంస్థయో కాదు; రొట్టెలు కాల్చు ఈ సంస్థయే. ఈ వింత యెట్లు జరిగెనో తెలిసికొందము.

కేంబ్రిడ్జిలో గణితశాస్త్రము చదివిన జాన్ సిమ్మన్స్ 1923లో లయన్స్ సంస్థలో చేరెను. గుమాస్తాలు యాంత్రికముగా చేయు పనిని యంత్రమే చేయవలెనని అతని కోరిక. 1947లో ఆ సంస్థ టామ్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అను ఇద్దరు ఉద్యోగులను కార్యాలయ పద్ధతులను పరిశీలించుటకై అమెరికాకు పంపెను. వారు ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుని దర్శించిరి. అట్టి యంత్రమును మీ దేశముననే, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున నిర్మించుచున్నారని అతడు వారికి తెలిపెను. బిడ్డను చంకనుంచుకొని ఊరంతయు వెదకినట్లాయెను! లండనుకు కేంబ్రిడ్జి ఏబది అరువది మైళ్ల దూరము మాత్రమే.

కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ అను ఆచార్యుడు ఎడ్‌సాక్ అను యంత్రమును నిర్మించుచుండెను. ధనము చాలకుండెను, పనివారును చాలకుండిరి. లయన్స్ సంస్థ కొన్నివేల పౌనులను విరాళమిచ్చి, లెనార్ట్స్ అను తన ఉద్యోగిని సహాయమునకు పంపెను. అందులకు ప్రతిఫలముగా విశ్వవిద్యాలయము తన యంత్రరచనా రహస్యములను దాచక తెలుపుటకు అంగీకరించెను. ఎడ్‌సాక్ యొక్క జ్ఞాపకశక్తి చిత్రమైనది. పాదరసముతో నింపిన పొడవైన ఉక్కు గొట్టములలో అంకెలు ధ్వనితరంగములుగా ఒక కొన నుండి మరియొక కొనకు ప్రయాణము చేయును. అచ్చట వానిని మరల విద్యుత్తుగా మార్చి మొదటి కొనకే పంపుదురు. ఇట్లు తిరుగుచున్నంతకాలము ఆ అంకె జ్ఞాపకమున నిలుచును. 1949 మే 6వ తేదీన ఈ యంత్రము మొదటిసారిగా పనిచేసి వర్గసంఖ్యల పట్టికను ముద్రించెను.

ఇక అదే నమూనాతో మరియొక యంత్రమును చేసికొనిన చాలునని తోచవచ్చును. కాని అట్లు చాలదు. ఈ కథలో ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే.

శాస్త్రజ్ఞుడు యంత్రమునకు కొన్ని సంఖ్యలు మాత్రమే ఇచ్చును. యంత్రము గంటలకొలది లెక్కించి, చిన్న జవాబును ఇచ్చును. వ్యాపారి లెక్క దీనికి తలక్రిందులు. పదివేలమంది పనివారి జీతములు కట్టవలెనన్నచో, ఒక్కొక్కరికి పని గంటలు, కూలి రేటు, పన్ను, కోతలు అన్నియు అందింపవలెను. చేయవలసిన గణితమో నాలుగు కూడికలు, రెండు హెచ్చవేతలు. ముద్రింపవలసిన చీటీలు పదివేలు. ఎంత వేగముగా లెక్కించు యంత్రమైనను చీటీలు లోనికి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే.

మరియొక భేదము కలదు. విశ్వవిద్యాలయమున యంత్రము నిలిచిపోయినచో పరిశోధకుడు మరునాటివరకు వేచియుండును. జీతములు కట్టు యంత్రము నిలిచిపోయినచో వారము చివర పనివాడు వట్టిచేతులతో ఇంటికి పోవలసి వచ్చును. అతని పిల్లలకు విజ్ఞానశాస్త్రపు కష్టములను చెప్పి ఆకలి తీర్పజాలము గదా!

యుద్ధకాలమున రాడారు పరిశోధనలో పనిచేసిన జాన్ పింకర్టన్ అను యువకుని లయన్స్ సంస్థ తన యంత్రనిర్మాణమునకు నియమించెను. అతడు వివేకి. కేంబ్రిడ్జివారు చేసి చూపినదానిని అనవసరముగా మార్పలేదు. కొరత యున్నచోట మాత్రమే చేయిచేసికొనెను. చీటీలను చదువు సాధనములకును, లెక్కించు భాగమునకును నడుమ అతడు అంకెలు వేచియుండు అరలను కల్పించెను. హోటలులో వంటవాడు పలహారపు పళ్లెములను బల్లపై నుంచి తన పని తాను చేసికొనును. వడ్డించువాడు తీరికవేళ వానిని తీసికొనిపోవును. ఒకరికై మరియొకరు నిలువనక్కరలేదు. ఆ అరలు చేయు పనియు ఇట్టిదే. అంకెలను అందించుటకు అయస్కాంతపు టేపు సాధనములను మొదట వేరొక సంస్థచే చేయించిరి గాని అవి సరిగా పనిచేయలేదు. అప్పుడు పట్టుదలకు పోక, రంధ్రములు పొడిచిన సామాన్యపు కార్డులనే వాడిరి.

ఆ యంత్రమున ఆరువేల వరకు వాల్వులుండెను. విద్యుద్దీపములవలె అవి ఎప్పుడు ఆరిపోవునో తెలియదు. కావున విద్యుత్తు బలమును కావలెనని తగ్గించియు హెచ్చించియు పరీక్షించి, తడబడిన వాల్వును పని మధ్య చెడకముందే తీసివేయుచుండిరి.

యంత్రమునకు పని నేర్పు బాధ్యత డేవిడ్ కామినర్‌ది. అతడు మహాగణితజ్ఞుడు కాడు. లయన్స్ కార్యాలయముల గుట్టుమట్టులు ఎరిగినవాడు. ఒకరు వ్రాసిన ఆదేశములను మరియొకరు తప్పక సరిచూడవలెనని అతని నియమము. జీతముల లెక్కను ప్రారంభించినప్పుడు గుమాస్తాల లెక్కతో పోల్చి చూచినపిమ్మటనే యంత్రమును నమ్మిరి.

ఈ యంత్రమునకు లియో అని పేరు. 1951 నవంబరు చివరనుండి అది రొట్టెల కర్మాగారముల ఉత్పత్తి విలువను వారము వారము కట్టసాగెను. అనుభవముగల గుమాస్తాకు ఒక పనివాని జీతము కట్టుటకు ఎనిమిది నిమిషములు పట్టుచుండగా, లియోకు ఒకటిన్నర సెకను చాలెను. 1954లో తేనీటి అంగళ్ల పనియు దానికి అప్పగించిరి. ప్రతి అంగడికి ఏ వారమున ఏ సరకు ఎంత కావలెనో ముందే కార్డులలో నుండెను. అంగడి నడుపు స్త్రీ ఆనాటి మార్పులను మాత్రము టెలిఫోనులో చెప్పును. వినుచున్న ఉద్యోగిని అప్పుడే కార్డుపై పొడుచును. మరునాటి సరకును సిద్ధపరచుటకు వలయు చీటీలు లియో ముద్రించును. ప్రతిదినము పొడవైన పట్టికలు నింపు శ్రమ ఆమెకు తప్పెను. నాకు ఈ యేర్పాటు జీతముల లెక్కకంటెను ముచ్చటగా తోచును.

అదే సంవత్సరము లయన్స్‌వారు ఇతరులకై కంప్యూటర్లు తయారుచేయు ప్రత్యేక సంస్థను స్థాపించిరి. అయితే పెద్ద కంపెనీల పోటీకి తట్టుకొనుటకు రొట్టెల లాభము చాలలేదు. 1963లో ఆ సంస్థ ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీతో కలిసిపోయెను. కేంబ్రిడ్జిలోని ఎడ్‌సాక్‌ను 1958లోనే విప్పివేసిరి. దాని అడుగుజాడలలో పుట్టిన మొదటి లియో 1965 జనవరి వరకు పనిచేసెను.