కాయ పండు కావాలంటే

పిల్లలూ, కాయ వయసు చెప్పడానికి తెలుగులో ఐదు మాటలున్నాయి: పిందె, లేతకాయ, ముదురుకాయ, దోరకాయ, పండు. మా ఏడో తరగతిలో మాత్రం ‘కచ్చా’, ‘పకా’ అనే రెండింటితోనే పని గడిచిపోతుంది. మాటవరసకు అవి చాలు. లేహ్‌లో మా ప్రాంగణంలోని పాలిహౌస్‌లో టమాటాలు ఎందుకు ఎర్రబడటం లేదో తేల్చడానికి చాలవు. సెప్టెంబరు సగం దాటింది, గంపెడు కాయలు ఆకుపచ్చగానే వేలాడుతున్నాయి. నారు నాటిన పిల్లల్లో ఇద్దరి నాన్నగార్లకు బదిలీ ఆర్డర్లు వచ్చేశాయి. అందుకని ఆ వారం తెలుగు పీరియడ్లు పాలిహౌస్‌లోనే పెట్టుకున్నాం.

ముందుగా తేల్చాల్సింది ఒకటే: అది లేతకాయా, ముదురుకాయా? పైకి రెండూ పచ్చగానే ఉంటాయి. పూత నిలిచాక కాయ ముదరడానికి సుమారు 40 నుంచి 50 రోజులు పడుతుంది. ముదిరిన కాయ పండడానికి, తగిన వెచ్చదనం ఉంటే, వారం పది రోజులు చాలు. ఒక కాయను అడ్డంగా కోసి చూశాం. గింజల చుట్టూ జిగురు పట్టి, గింజలు కత్తికి తెగకుండా పక్కకు జారితే ముదురుకాయ. గింజలు కూడా తెగాయంటే లేతకాయ. దానికి తెగులేమీ లేదు, రోజులే చాలలేదు. చెట్టుకు వదిలేయడమే మందు.

ముదురుకాయలే పండకుండా ఉంటే థర్మామీటర్ చూడాలి. టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. అది 20 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది. 30 దాటితే ఆగిపోతుంది, పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే వేడెక్కిన పాలిహౌస్‌లో కాయ నారింజ రంగు దగ్గరే నిలిచిపోతుంది. 10 డిగ్రీల కిందికి దిగితే పండడమే దాదాపు ఆగిపోతుంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పగటి ఎండ చుర్రుమంటుంది, రాత్రి చలి కొరికేస్తుంది. థర్మామీటర్‌ను మొక్కల ఎత్తులో, నీడపట్టున వేలాడదీసి రెండు పూటలా చూశాం. మధ్యాహ్నం 30 పైన, అసెంబ్లీకి ముందు 10 కింద! ఒకే రోజులో రెండు కష్టాలూ ఉన్నాయన్నమాట. మధ్యాహ్నం తలుపులు తెరిచి, ఎండ వాలకముందే మూసి, పైన పాత దుప్పట్లు కప్పడం మొదలుపెట్టాం.

కాయ మీద పచ్చదనం ఎక్కడ మిగిలిందో కూడా చూడండి. తొడిమ చుట్టూ మాత్రమే గట్టిగా, పచ్చగానో పసుప్పచ్చగానో మిగిలితే ఎండదెబ్బను అనుమానించాలి. ‘కాయలకు ఎండ తగిలితే త్వరగా పండుతాయి’ అని ఆకులు దూసేస్తుంటారు. టమాటా పండడానికి కావలసింది వెచ్చదనం. ఎండ నేరుగా తగలనక్కర్లేదు, ఆకులే దానికి గొడుగు. కాయంతా మచ్చలు మచ్చలుగా పండితే పొటాష్ తక్కువై ఉండవచ్చు, నత్రజని ఎక్కువై ఆకులు ఏపుగా పెరిగినా అలా కావచ్చు. మన ఊళ్ళలోలాగా పొయ్యి బూడిద చల్లుదామన్నారు కొందరు. బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే గానీ, క్షారగుణం కూడా ఉంది. ఇక్కడి నేలకు అది ముందే ఎక్కువ కాబట్టి వద్దన్నాం. ఆకు వెనక తెల్లదోమ ఉన్నా కాయ చారలుగా పండుతుంది. అది మా మొక్కల్లో కనబడలేదు.

ఇక దోరకాయ. కాయ అడుగున తొలి ఎరుపుజీర కనిపించే దశ ఇది. దూరం పోయే సరుకుకు దోరకాయలే కోస్తారని మదనపల్లె వైపు నుంచి వచ్చిన పిల్లలకు తెలుసు. అది దారిలో పండుతుంది. పండుతూ ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది, ఆ వాయువు పక్కనున్న ముదురుకాయలను కూడా పండేలా చేస్తుంది. మామిడికాయల్ని గడ్డిలో మాగవేసే నాయనమ్మలకు ఇథిలీన్ పేరు తెలియకపోయినా దాని పని తెలుసు.

వెళ్ళిపోతున్న ఇద్దరికీ చెరో తొమ్మిది ముదురుకాయలు, ఒక్కో దోరకాయ ఇచ్చాం. ఒక్కొక్కటి న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో ఒకే వరసగా పేర్చాలి. పాలిథీన్ సంచి వద్దు, తేమ పట్టి కుళ్ళుతాయి. ఫ్రిజ్ అసలే వద్దు, చలి తగిలిన ముదురుకాయ తర్వాత సరిగా పండదు. కనుమలు దాటే రాత్రి పెట్టెను స్వెటర్ల మధ్య పెట్టుకోమన్నాం. రోజుకోసారి మూత తీసి, మెత్తబడింది కనిపిస్తే ముందు దాన్ని తినేయాలి.