కార్డు చెడలేదు, డ్రైవరే పొసగలేదు

ప్రశ్న: మా యింటి కంప్యూటరులో జీటీ 710 గ్రాఫిక్స్ కార్డున్నది. విండోస్ 10 తిరిగి వేసిన పిమ్మట సరిక్రొత్త డ్రైవర్ ఎక్కింపబోగా, తగిన హార్డ్‌వేర్ లేదని చెప్పి ఆగిపోవుచున్నది. కార్డు చెడినదా?

జవాబు: మీ మానిటరు తీగ ఆ కార్డుకే తగిలించియుండి, అక్షరములు మొద్దుగానైనను తెరపై కనబడుచున్నచో, కార్డు సజీవముగానే యున్నదని నిశ్చింతగా నుండుడు. మీ కార్డు కెప్లర్ అను పాత నిర్మాణమునకు చెందినది. ఎన్విడియా సంస్థ 2021లో ఆ తరమునకు 470 శ్రేణి డ్రైవర్లనే కడపటివిగా నిర్ణయించినందున, అటుపిమ్మటి శ్రేణులలో దాని పేరే యుండదు. కావున సరిక్రొత్తది మేలన్న భావము విడిచి, సంస్థ వెబ్‌సైటులో మీ కార్డు పేరునే ఎంచి, 470 శ్రేణిది తెచ్చుకొనుడు. మీ విండోస్ 32 బిట్లదైనచో అదియు పనికిరాదు. దానికి 390 శ్రేణియే కడపటిది.

కార్డు ఏ సంస్థదో సందేహమైనచో డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడుడు: అందు 10డీఈ అని యున్నచో ఎన్విడియా, 1002 అని యున్నచో ఏఎండీ, 8086 అని యున్నచో ఇంటెల్.

సరియైన డ్రైవరు సైతము మధ్యలో ఆగినచో, తరచుగా కారణము పాత డ్రైవరు అవశేషములో, లేక అదే సమయమున విండోస్ అప్‌డేట్ తన డ్రైవరును చొప్పించుటయో యగును. ముందుగా ఇంటర్నెట్ తీగ తీసివేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అను ఉచిత సాధనముతో పాతదానిని సమూలముగా తొలగించి, కంప్యూటరును మామూలుగా తెరచి, డ్రైవరు ఎక్కించి, ఆ పిమ్మటనే తీగ తగిలింపుడు. ముఖ్యమైన ఫైళ్లను మాత్రము ముందే వేరొక డిస్కునకు నకలు చేసికొనుడు.