ఉప్పు చల్లబోయే ముందు

నేను యూనివర్సిటీలో చేరిన యేడు, కార్తీకమాసపు వానల్లో, వెంకటాచలంలో మా అద్దెగది పెరటిగోడ నిండా నత్తలు పాకాయి. ఆఫ్రికా నత్తలు పంటల్ని తినేస్తున్నాయని పేపర్లో చదివిన ధీమాతో మిత్రులం ముగ్గురం దోసిళ్లకొద్దీ ఉప్పు చల్లాం. ఉప్పు నత్త ఒంట్లోని నీటిని లాగేస్తుంది. పాపం, నురగలు కక్కి చచ్చాయి. మర్నాడు గుల్లలు చూపిస్తే మా మేష్టారు, "ఇవి ఆఫ్రికావి కావయ్యా, మనవే!" అన్నారు.

మేం చంపిన నత్త వర్గీకరణ ఇది:

వర్గం: మొలస్కా
తరగతి: గాస్ట్రోపోడా
క్రమం: స్టైలొమ్మాటోఫోరా
కుటుంబం: ఆరియోఫాంటిడే
ప్రజాతి: క్రిప్టోజోనా
జాతి: బైస్ట్రయాలిస్

క్రమం పేరుకు 'కంటిని కాడమీద మోసేది' అని అర్థం. ఆఫ్రికా నత్త లిస్సకాటినా ఫ్యూలికాదీ యిదే క్రమం. కుటుంబం మాత్రం వేరు, అకాటినిడే. దాని గుల్ల పొడుగాటి శంకువు. మనదాని గుల్ల గుండ్రం, అణగినట్లుంటుంది. ఆఫ్రికా నత్తను 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చింది బెన్సన్ దొర. ఆయన స్వయంగా నత్తల శాస్త్రజ్ఞుడే!

పొరపాటు పెద్దదైతే ఏమౌతుందో పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి చెబుతుంది. అక్కడ ఆఫ్రికా నత్తను అణచడానికి 1977లో యూగ్లాండినా అనే మాంసాహార నత్తను వదిలారు. అది ఆ దీవిలోనే పుట్టిన పార్టులా నత్తల్ని తినేసింది. పదేళ్లు తిరిగేసరికి అవి అడవిలో దాదాపు కనుమరుగయ్యాయి. జంతుప్రదర్శనశాలల్లో మిగిలినవాటి సంతతిని 2015 నుంచి తిరిగి వదులుతున్నారు. అలా వదిలినవాటిలో పార్టులా టోహివియానా అడవిలోనే సంతానాన్ని కని నిలదొక్కుకుందని 2024లో ప్రకటించారు.

అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతులకు మూడు మెట్లున్నాయి: ముప్పు పొంచివున్నవి, అపాయంలో వున్నవి, తీవ్రాపాయంలో వున్నవి. మొదటి మెట్టుమీద గుర్తిస్తే కాపాడటం తేలిక. గుర్తించాలంటే ముందు పేరు తెలియాలి. మన దేశంలో 1100కు పైగా నేలనత్త జాతులున్నా, అత్యధికం ఏ మెట్టుమీద వున్నాయో యింకా ఎవరూ తేల్చలేదు. మేం చంపినది అరుదైనది కాదు గనుక బతికిపోయాం. అరుదైనదైనా ఆనాడు మాకు తెలిసేది కాదు.

మిత్రులారా, వర్గీకరణ పరీక్షకోసం బట్టీపట్టే పట్టిక కాదు. ఈ వానాకాలం నత్త కనిపిస్తే ఉప్పు డబ్బా వెతక్కండి. ముందు గుల్ల చూడండి.